పెరుగు పేరు చివర్న

విప్పీ మడిచీ నాలుగు ముక్కలయ్యేలా ఉంది కాగితం.
డైటీషియన్ దస్తూరీ కుదురైనది:
వద్దు కింద పొడుగాటి వరుస,
తినొచ్చు కింద పొట్టిది.
అన్నం, గోధుమ, పప్పులన్నీ,
పల్లీ కూడా పప్పేనట,
పాలు, పెరుగు, పంచదార, బెల్లం, ఆఖరికి తేనె.
ముప్పై రోజులు.
నా ముంజేతుల మీద ఈ దద్దుర్లు ఎవరి పనో తేలేదాకా
అందరూ అనుమానితులే.

ప్రెస్టన్ మార్కెట్, జూలై శనివారం.
మాటకి ముందే ఆవిరి వస్తోంది నోట్లోంచి.
మూడు కిలోల చిలగడదుంపలు తూయించాను.
సాసేజ్‌లో ఏముంటుందని అడిగితే
మాంసం కొట్టతను "మాంసం" అన్నాడు,
కత్తి తుడుచుకున్నాడు,
"కొంచెం బ్రెడ్ పొడి" అన్నాడు
స్టేషన్లో నేరం ఒప్పుకున్నవాడిలా.

సూపర్ మార్కెట్లో కళ్ళజోడు నెత్తి మీంచి ముక్కు మీదికి
ఎన్నిసార్లు దిగిందో.
టమాటా డబ్బాలో పంచదార.
ట్యూనా చేపకి సోయా నూనె.
కొబ్బరిపాలలో నంబరు 412,
ఫోన్లో వెతికితే గోరుచిక్కుడు జిగురు.
మన గోరుచిక్కుడే,
సముద్రం దాటి మారుపేరు పెట్టుకుంది.
ఇంత సన్నటి అక్షరాలు ఇంతకు ముందు
ఇంటి లోను కాగితాల్లో చూశాను,
సంతకం పెట్టేశాక.

హై స్ట్రీట్ చివర ఇండియన్ కొట్టు.
అలవాటుగా చెయ్యి ఇంగువ డబ్బా మీదికి పోయింది.
తిప్పి చదివాను: గోధుమపిండి.
ఇరవై రెండేళ్ళుగా పోపులో పిండి వేస్తున్నానన్నమాట!
ఇంగువ కట్టిన గుడ్డ అని ఎంతమందిని వెక్కిరించానో,
గుడ్డలో సగం పిండేనని
నాకెవరూ చెప్పలేదు.
"కందిపప్పు మీద తగ్గింపు ఉంది బెహన్" అన్నాడు గుజరాతీ పెద్దాయన.
ఈ నెల నా పప్పులు ఉడకవండీ అన్నాను తెలుగులో.
ఆయన మర్యాదగా తలూపాడు.
నవ్వుకోవడానికి పక్కన ఎవరూ లేరు,
నేనే నవ్వుకున్నాను.

చింతపండు పొట్లం తిప్పాను భయం భయంగా.
ఇందులో ఉన్నవి: చింతపండు.
అంతే.
ఆ ఒక్క మాటా నాలుగుసార్లు చదివి
రెండు పొట్లాలు తీసుకున్నాను.

తీరా బిల్లు దగ్గరికొచ్చాక
వెనక్కి వెళ్ళి
రెండు లీటర్ల పాలు తెచ్చాను. జాబితాలో లేవు.
నాక్కాదు అవి.

తొమ్మిదేళ్ళ కింద టార్నీట్‌లో
ప్రభావతమ్మగారు గరిటెడు తోడు ఇచ్చారు.
ఆవిడ పెర్త్ వెళ్ళిపోయారు, ఫోన్లు తగ్గాయి,
తోడు మాత్రం ప్రతి రాత్రీ నా గిన్నెలో పడుకుని
పొద్దున్నే గట్టిగా లేస్తోంది.
నెల్లాళ్ళు ఎండగడితే చచ్చిపోతుంది.
పక్కింటి దిమిత్రా తలుపు తట్టాను,
స్టీలు గిన్నె, పాల సీసా రెండు చేతుల్లో.
ఆవిడ మూత తీసి వాసన చూసింది,
చిటికెన వేలు ముంచి నాకింది,
వాళ్ళ భాషలో ఏదో అంది, మెచ్చుకోలే అయ్యుండాలి.
భర్త పాత ఉన్ని కోటు తెచ్చి గిన్నెకి కప్పింది.
ఎన్నాళ్ళు అని అడగలేదు.

ముప్పై ఒకటో రోజు నుంచి ఒక్కొక్కర్నీ పిలవాలి,
మూడేసి రోజుల విచారణ.
కాగితం వెనక పెన్సిల్‌తో వరస రాసుకున్నాను.
ముందు గోధుమ. దోషి తనే అయితే
నాకేం బాధ లేదు, అయితే బాగుండును కూడా.
తర్వాత సోయా, పల్లీ, పప్పులు.
అన్నం దగ్గర పెన్సిల్ కాస్త ఆగింది.
పెరుగు పేరు చివర్న రాశాను.
చెరిపి,
ఇంకా కిందికి, కాగితం అంచుకి జరిపి రాశాను.

చిలగడదుంప ఉడుకుతోంది.
మోచేతి దగ్గర మళ్ళీ దురద.
దిమిత్రా వంటగదిలో లైటు
ఇంకా వెలుగుతూనే ఉంది.